ముట్టకూడని కుళాయి

"నీళ్ళు పొయ్యమ్మా, కడుక్కుంటాను," అని చెల్లమ్మ పెరటి గడప బయట నిలబడి మూడోసారి అడిగింది.

"పనిమనిషి ఇంకా రాలేదే! బిడ్డ గుక్క పట్టేస్తావుంటే నీకు నీళ్ళేంది? ముందు వచ్చి పాలియ్యి!" లోపల్నించి సీతాలక్ష్మి కేక.

కుళాయి మూడు బారల దూరంలోనే ఉంది. చుక్క చుక్క కారుతోంది. చెల్లమ్మ దాని దగ్గరికి పోయి చెయ్యి చాచబోయింది.

"ఏయ్! ముట్టొద్దు! దేవుడి సామాను కడిగే కుళాయి!"

వాషర్‌మెన్‌పేటలో ఈ షావుకారింటి ధర్మం అది. చెల్లమ్మ చెయ్యి తగిలితే కుళాయి మైలపడిపోతుంది. చెల్లమ్మ పాలు వాళ్ళ వంశాంకురం కడుపులోకి పోతే మాత్రం ఏ మైలా లేదు. సీతాలక్ష్మికి పాలు పడలేదు మరి.

రోజూ పనిమనిషి ఎత్తు నుంచి చెంబుతో పోసేది. చెల్లమ్మ రుద్ది రుద్ది కడుక్కునేది. కడుక్కోందే బిడ్డను తాకేది కాదు. "శుభ్రం తెలిసిన మనిషి" అని మెచ్చుకున్నది కూడా ఈ సీతాలక్ష్మే. ఇవాళ చెల్లమ్మ కొంగుతో చెమట తుడుచుకుని, ఆరు నెలల కోదండరాంను ఒళ్లో వేసుకుంది. వాడు ఆబగా తాగాడు.

చెల్లమ్మ ప్రాణం అక్కడ లేదు. కొరుక్కుపేట రైలు కట్ట పక్కన, తన గుడిసెలో ఉంది. అక్కడ ఆమె కొడుకు మాదయ్య ఉన్నాడు. వాడికి ఐదు నెలలు.

పొద్దున చీకటితోనే వాడికి నల్లమందు పెట్టి వచ్చింది. రోజూ పెట్టేదే. ఆవగింజంత. కట్ట పక్కన తల్లులంతా పెట్టేదే. పెట్టకపోతే బిడ్డలు ఆకలికి రోజంతా అరుస్తారు, తల్లులు పనికి పోలేరు. పనికి పోకపోతే ఇంటిల్లిపాదీ అరవాల్సిందే.

ఈ విద్య పట్నం నేర్పింది కాదు. చిత్తూరు పక్క పల్లెలో మూడేళ్ళు వాన లేక, గింజ లేక, ఆకలి చంపుకోవడానికి పెద్దవాళ్ళే మింగారు. చెల్లమ్మ అత్త రోజుకో ఉండ మింగేది. ఒకనాడు రెండు మింగింది. లేవలేదు. ఆ ఏడు ఊళ్ళో అట్లా తొమ్మిదిమంది పోయారు. సర్కారు మనిషి వచ్చి తొమ్మిదిమందికీ "వృద్ధాప్యం" అని రాసుకుని, మజ్జిగ తాగి పోయాడు. వాళ్ళలో ముగ్గురికి నలభై దాటలేదు!

మొన్న పక్క గుడిసె అంజలై బిడ్డ నిద్రలోనే పోయింది. అదే ఆవగింజ. కొత్త సరుకు మరీ గట్టిదట.

ఇవాళ చెల్లమ్మ పెట్టిందీ ఆ సరుకే. వేరేది దొరకలేదు. సగం గింజే పెట్టాలనుకుంది. చీకట్లో సగమేదో నిండేదో ఎవరికి తెలుసు? మాదయ్య రెండు గుక్కలు పాలు తాగి మొహం తిప్పేశాడు. అప్పుడే ఎక్కేసిందా?

"అమ్మా, ఒక్క తూరి గుడిసెకు పొయ్యొస్తాను. పిల్లకాయకు బాగలేదు."

"నీ పిల్లకాయకు ఏమైతాదే? గుండ్రాయి మాదిరి ఉంటాడు. మావాడు లేస్తే ఎవురు చూస్తారు?"

మధ్యాహ్నం సీతాలక్ష్మి దగ్గరుండి నెయ్యి వేసి అన్నం పెట్టింది. ఆ నెయ్యి మనిషికి కాదు, పొదుగుకి.

"మావాణ్ణి చూడవే," అంది సీతాలక్ష్మి మురిసిపోతూ. వెండి గొలుసుల ఉయ్యాలలో కోదండరాం మెదలకుండా పడుకున్నాడు. "ఎంత బుద్ధిగా నిద్రపోతాండాడో! రెండో పాలకు కూడా లేవలే. నీ పాలు అమృతమే చెల్లమ్మా."

చెల్లమ్మకు ఒళ్ళు మండింది. ఇదీ నిద్రంటే! ఏ మందూ అక్కర్లేని నిద్ర. కడుపు నిండినవాడి నిద్ర. నా పాలు తాగి వీడు ఈడ కులుకుతాండాడు. నా పాలకు మొహం వాచినోడు ఆడ... మిగతా మాట మనసులోకి కూడా రానివ్వలేదు.

"నీ కాళ్ళకు మొక్కుతానమ్మా. ఒక్క తూరి."

"సరే, పో! వాడు లేచేలోపల వచ్చెయ్యాల. లేచి ఏడిచినాడో, రేపట్నించి వేరేదాన్ని పెట్టుకుంటా."

చెల్లమ్మ పరిగెత్తింది. కట్ట మీద కంకర అరికాళ్ళను కోసింది. అంజలై గుడిసె ముందు ఇంకా శోకాలే. చెవులు మూసుకుని దాటింది. దాటి, ఆగిపోయింది.

ఏడుపు! మాదయ్య ఏడుపు! హార్బరు దాకా వినబడేట్టు గొంతు చించుకుంటున్నాడు.

చెల్లమ్మ పకపకా నవ్వింది. కళ్ళనీళ్ళు కారుతుండగానే గుడిసెలోకి దూరింది. పగలు కట్ట పక్క బిడ్డల్ని కనిపెట్టుకునుండే ముసలి తంగమ్మ వాణ్ణి భుజాన వేసుకుని ఊపుతోంది.

"ఏం మందు పెట్టినావే నా తల్లీ? నువ్వు పొయినకాడ్నించి కన్ను మూయలే. జలుబు చేసి ముక్కు మూసుకపోయుండాది, వాడెట్లా చీకతాడు? నోట్లో ఏమీ పడినట్టు లేదు వాడికి."

"పడకపోతే మేలే అవ్వా! పడకపోతే మేలే!"

కొడుకును లాక్కుని ఒళ్లో వేసుకుంది. పాలివ్వడానికి రైక ముడి విప్పింది.

పొద్దున వాడికోసమని చనుమొన చుట్టూ పూసుకున్న నల్లమందు, ఒక్క చెంబు నీళ్ళైనా పడకుండానే, మరక కూడా లేకుండా నాకేసి ఉంది.