ఏడవని టేకు

"కట్! ఏడవమంటే ఏడవవేంటమ్మా?" గాజు అద్దం అవతలి నుంచి దర్శకుడు మైకులో విసుక్కున్నాడు.

డబ్బింగ్ గదిలో నాయికకి గొంతిస్తున్న ఆవిడ హెడ్‌ఫోన్స్ కాస్త పక్కకి జరిపింది. తెర మీద బురఖా ముసుగు పైకెత్తిన నాయిక పెదవులు సగం తెరిచి, కదలకుండా ఆగిపోయి ఉంది. ఒక ముస్లిం స్త్రీ పడ్డ కష్టాలూ, వాటిలోంచి బయటపడాలన్న ఆమె తపనా ఆ సినిమా కథ. ఈ సీను దానికి ఆయువుపట్టు. నాయిక భర్త ఎదుట నిలబడి ఖులా అడుగుతుంది. పెళ్ళిలో అతను కానుకగా ఇచ్చిన మెహర్ తిరిగిచ్చేసి, తనను విడిచిపెట్టమని భార్య అడిగే హక్కు అది.

"మొదటి సీను నుంచీ ఏడుస్తూనే ఉంది కదా సార్. ఇంకా కన్నీళ్ళెక్కడివి?" అందావిడ. "ఇక్కడ ఆమె అడుక్కోవడం లేదు. తేల్చి చెబుతోంది."

"నువ్వు ఏడవకపోతే హాల్లో జనం ఎలా ఏడుస్తారు? అవతల మా నిర్మాత టిక్కెట్టుతో పాటు రుమాలు కూడా ఇద్దామని కూర్చున్నాడు!"

"ఏడుపు రాకపోయినా ఫరవాలేదు సార్. చూసినవాళ్ళకి కాస్త ధైర్యం వస్తే చాలు."

దర్శకుడికి ఒళ్ళు మండింది. "ఇంకొక్క టేకు ఇస్తున్నాను. అప్పటికీ నీ పట్టు నీదే అయితే వేరే గొంతు తెచ్చుకుని సినిమా అంతా మళ్ళీ చెప్పించుకుంటాను. నీ ఇష్టం."

చేతికందిన సినిమా పోతుందని తెలిసినా ఆవిడ వెనక్కి తగ్గలేదు. "అయితే ఆ ఒక్క టేకూ నా పద్ధతిలో చెప్పనివ్వండి. భర్త వేషానికి గొంతిచ్చినాయన్ని నా ఎదురుగా నిలబెట్టండి. తెరని చూస్తుంటే ఆ మాట రావట్లేదు."

సౌండ్ ఇంజనీరు కంగారుగా అడ్డుపడ్డాడు. "ఎందుకులెండి సార్, ఆయన ట్రాక్ నిన్ననే అయిపోయిందిగా."

వీడికి మళ్ళీ మైకు అమర్చాలంటే బద్ధకం, అనుకున్నాడు దర్శకుడు. "పిలువయ్యా, బయటే టీ తాగుతున్నాడు. అన్ని తిట్లూ ఒక్క టేకులో దంచేసిన మొనగాడు. ఎదురుగా ఉంటే ఈవిడకీ ఊపొస్తుందేమో."

ఆయన టీ గ్లాసుతోనే వచ్చాడు. "ఇప్పుడేంటి కొత్త నాటకం?" అని గొణిగి, గ్లాసు కింద పెట్టి రెండో మైకు ముందు నిలబడ్డాడు.

ఎర్ర దీపం వెలిగింది. తెర మీద బొమ్మ కదిలింది. ఆవిడ అటు చూడనే లేదు. పొద్దుట్నుంచీ చెప్పీ చెప్పీ ఆ పెదవుల కదలిక ఆవిడకి కంఠతా వచ్చేసింది. సూటిగా ఆయన కళ్ళల్లోకి చూసింది.

"మీరిచ్చిన మెహర్ మీకే తిరిగిచ్చేస్తున్నాను. ఇన్నాళ్ళూ మీకు భయపడ్డాను. ఇక భయపడను. నాకు ఖులా కావాలి."

గొంతు వణకలేదు. పెరగనూ లేదు. ఎదుటాయన తను చెప్పాల్సిన డైలాగు మరిచిపోయాడు.

"ఓకే!" దర్శకుడు తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తుకొచ్చాడు. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. "నువ్వు ఏడవకుండానే నన్ను ఏడిపించేశావు కదమ్మా! నువ్వు చెప్పిందే రైటు. ఇదే ఉంచేస్తున్నాను. ఎందుకైనా మంచిది, ఇంకొక్కసారి చెప్పేద్దామా?"

ఇంజనీరు మాత్రం అద్దం అవతల తల వంచుకుని కూర్చున్నాడు.

ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి స్టాండుకి తగిలించింది. భుజానికి సంచి తగిలించుకుంది.

"ఇంకోసారి చెప్పక్కర్లేదు సార్," అని, ఎదురుగా బిగుసుకుపోయి నిలబడ్డాయన వైపు తిరిగింది. "మెహర్ గొలుసు మన బీరువాలో పెట్టొచ్చాను. నేను ఇటునుంచి ఇటే మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను, మీరు రేపు ఖాజీగారి దగ్గరికి వచ్చెయ్యండి."