సాయంత్రానికి వస్తానన్నవాడు

“ఇంకా రాలేదా?”

“సాయంత్రానికల్లా వస్తానన్నాడుగా, వస్తాడులే.”

కూరగాయల మడికి నీళ్లు పెడుతున్న ఇద్దరు ఖైదీల మాటలవి. అది ఆరుబయలు జైలు. గోడలుండవు, ఇచ్చిన మాట మీద ఉండాలంతే. చెప్పాపెట్టకుండా తనిఖీకి దిగిన పై అధికారి చెవిన ఆ మాటలు పడనే పడ్డాయి. అసలే ఆయనకు కోపం ముక్కు మీద ఉంటుంది.

“ఎవడ్రా పారిపోయింది?”

ఖైదీలందరికీ పెద్దదిక్కులా ఉండే మేస్త్రి ముందుకొచ్చాడు. “పారిపోలేదు సార్. భార్యకు తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని కబురొస్తే ఆస్పత్రికి వెళ్లాడు.”

“సెలవుందా?”

“మూడుసార్లు పెట్టుకున్నాడు. మనుషులు చాలరని కొట్టేశారు.”

“కొట్టేసింది నేనే. పేరు కూడా చూడను. ఒకడికిస్తే అందరూ తయారవుతారు. మరెలా వెళ్లాడు?”

“మేమే పంపాం సార్.”

అధికారికి అరికాలి మంట నెత్తికెక్కింది. “చనువిస్తే చంకెక్కడమంటే ఇదే. రేపే మీ అందర్నీ లారీ ఎక్కించి గోడల జైలుకు తోలేస్తాను.”

మంచివాడనిపించుకుని ఇక్కడికి రావడానికి మేస్త్రికి ఏళ్లు పట్టింది. ఇక్కడైతే చూడటానికొచ్చిన కూతురు పక్కనే కూర్చుంటుంది. అక్కడ ఇద్దరి మధ్యా ఇనుప వల ఉంటుంది. అయినా అతనికి భయం కన్నా ఒళ్లుమంటే ఎక్కువైంది.

“తోలండి సార్. పెళ్లాం చావుబతుకుల్లో ఉందని కాళ్లావేళ్లా పడితే మనుషులు లేరని రాస్తారా? మనుషుల్ని పెట్టాల్సింది ఎవరు? మీరు పెట్టకపోతే ప్రాణాల మీదికి రావాల్సింది ఆ పిల్లకా? ఇదెక్కడి న్యాయం?”

“నోరు ముయ్. వార్డరు ఏ మూల గుర్రుపెడుతున్నాడో, వాడి సంగతి తర్వాత తేలుస్తాను. ముందు అందరూ వరుసలోకి రండి.”

ఆయనే స్వయంగా లెక్కపెట్టాడు. తేడా రాలేదు. ఎవడో తన కళ్లుగప్పుతున్నాడని మళ్లీ మొదటినుంచి, ఒక్కొక్కడి గడ్డం పైకెత్తి మరీ చూశాడు. ఖైదీల్లో ఒక్కడూ తగ్గలేదు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“అందరూ ఉన్నారు కదరా. మరి వెళ్లిందెవడు?”

“మాకున్న ఒక్క వార్డరు, సార్.”