సిస్టర్ గ్యాడ్సన్ కడుపుమంట

“ఆర్డెల్లా ప్రూయిట్ రికార్డు మీ దగ్గరికి వచ్చిందటగా. అది మాత్రం వెయ్యకండి.”

పొద్దున తొమ్మిదింటికి వచ్చిందా ఫోను. అమెరికాలో మేకన్ ఊరి రేడియోలో రోజూ నల్లవాళ్ల సోల్ పాటలు వేసే థాడ్ ఓడమ్‌కి ఆ ఆర్డెల్లా ఎవరో తెలియదు.

“ఎవరమ్మా మాట్లాడేది?”

“నన్ను సిస్టర్ గ్యాడ్సన్ అంటారు. దాని సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసుకునే మనిషికి పాటలెందుకు, బ్రదర్ ఓడమ్? రాయడమూ తనేనట, పాడడమూ తనేనట! ఎంత మిడిసిపాటు!”

ముక్కుతో మాట్లాడే గొంతు. మాటమాటకీ విషం.

థాడ్ మూలన పడున్న రికార్డుల గుట్ట వెతికాడు. అట్టడుగున దొరికింది. ఎవరూ కవరు కూడా విప్పలేదు. ఇంత ఏడుపు దేనికో చూద్దామని రేడియోలో వేశాడు.

మర్నాడు మళ్లీ ఫోను.

“వద్దంటే వేస్తావా నాయనా?”

ఈసారి ఆమె మాటల్ని థాడ్ నేరుగా రేడియోలో వినిపించాడు.

ఇక రోజూ అదే భాగవతం.

“చర్చిలో పాడే క్వాయర్‌లో పన్నెండేళ్లు వెనక వరసలో నిలబెట్టారు దాన్ని. ఉత్తినే నిలబెడతారా?”

“పాట కోసం కుదిరిన పెళ్లి వదులుకుంది. బుద్ధున్నది చేసే పనేనా?”

“వాళ్లమ్మ పోయిన రోజు కూడా తలుపేసుకుని పాడింది. ఈ చెవులతో విన్నాను.”

ఊరు మొదట నవ్వింది. తర్వాత పాట వింది. మంగలి షాపుల్లో వాదనలు మొదలయ్యాయి. చేపలు వేయించి అమ్మే ఆడవాళ్లు ఫోన్ చేసి, “ఆ గ్యాడ్సన్ నోరు మూయించు, పాట మళ్లీ వెయ్యి” అని కేకలేశారు. ఏడో వారానికి కొట్లలో ఆ రికార్డులన్నీ అమ్ముడైపోయాయి. అట్లాంటాలో పెద్ద క్లబ్బు నుంచి ఆర్డెల్లాకి వచ్చి పాడమని కబురొచ్చింది.

ఆ రోజు సిస్టర్ గ్యాడ్సన్ తిట్టలేదు. “ఎటెళ్లినా దాని పాటే. ఇన్నేళ్లూ నన్నొక్కరూ అడగలేదు, నువ్వూ పాడతావా అని.”

థాడ్‌కి మొదటిసారి జాలేసింది. “శుక్రవారం ఇద్దరూ రండి సిస్టర్. ఎదురెదురుగా తేల్చుకుందురు గాని.”

శుక్రవారం స్టేషన్ బయట జనం కిక్కిరిశారు. ఆర్డెల్లా ఒక్కతే వచ్చింది. ముంజేతుల నిండా ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు. పలకరించిన వాళ్లకి తలూపిందే తప్ప మాట్లాడలేదు.

థాడ్ రెండు కుర్చీలు వేయించాడు. పావుగంట చూశాడు. రెండోది ఖాళీగానే ఉంది. మైకు స్విచ్చి నొక్కాడు.

“నీ మీద అంత విషం కక్కిన మనిషి, తీరా నీ ముందుకు రమ్మంటే మొహం చాటేసింది. ఏమంటావు ఆర్డెల్లా?”

ఆర్డెల్లా మైకు ముందుకు వంగి, ఏడు వారాలుగా ఊరంతా విన్న ఆ ముక్కుగొంతుతో, “వచ్చానుగా బ్రదర్ ఓడమ్, మా ఇద్దరికీ ఒక్క కుర్చీ చాలు” అంది.