ఇంటివాళ్ల నలుపు

తజుకో నల్ల దట్టీని ఇస్త్రీ చేస్తోంది. పక్క గదిలో శవపేటికలో ఆమె కొడుకు కెయిజీ ఉన్నాడు. వచ్చే వసంతంలో మినోరిని పెళ్లాడవలసినవాడు.

"ఈ కిమోనో బూడిదరంగుది, అత్తమ్మా. నల్లదేదీ?" అంది మినోరి.

"నల్ల కిమోనో ఇంటివాళ్లకే. పరామర్శకొచ్చేవాళ్లు రంగుదాని మీద నల్ల దట్టీ కడతారు."

"అయితే నేను పరాయిదాన్నా? నా కోడలు ఊరగాయ బాగా పెడుతుందని మొన్నటిదాకా మీరే వీధంతా చెప్పుకున్నారుగా!"

"ఉప్పు ఎక్కువేస్తుందనీ చెప్పాను. చేతులెత్తు."

తజుకో ఆమె నడుముకు దట్టీ చుట్టింది. పెళ్లిళ్లకు వేసినట్టు రెండు మడతలు వేయలేదు. దుఃఖం మళ్లీ రాకూడదని వెనక ఒక్క మడతే వేసింది.

"నల్ల కిమోనో కట్టుకుని నా పక్కన కూర్చున్నావంటే ఊరు నిన్ను వాడి పెళ్లాం కిందే లెక్కేస్తుంది. రేపు నిన్ను చేసుకుంటానని ఎవరొస్తారు?"

"నాకెవరూ రానక్కర్లేదు."

"చిన్నపిల్లవి. ఇప్పుడలాగే అంటావు." తజుకో ముడి బిగించింది. "నాకు మాత్రం కోడలు అక్కర్లేదనుకున్నావుటే, తల్లీ?"

మినోరి ఇక నల్ల కిమోనో అడగలేదు. పరామర్శకొచ్చినవాళ్లలా తజుకో ముందు నేలకు వంగి నమస్కరించింది. గుమ్మం దిగి, వీధిలో పరాయివాళ్ల వరసలో నిలబడింది.