సగం చేతులు

"నిజం తేలేదాకా ఈ గదిలోంచి ఒక్కరు కూడా కదలడానికి వీల్లేదు," అన్నాడు హెడ్మాస్టరు, తలుపుకి అడ్డంగా నిలబడి.

స్కూల్లో ఆఖరి ఏడాది చదువుతున్న క్లాసంతా కుక్కిన పేనులా కూర్చుంది. నిన్న లెక్కల పరీక్షకి ముందు నీళ్ళ ట్యాంకు అవతల ఎవరో ఒక ప్రశ్నని పొల్లుపోకుండా వల్లె వేస్తుంటే అటెండరు చెవిన పడింది. మనిషిని చూడలేదు, గొంతూ పోల్చుకోలేకపోయాడు. తీరా పేపరు విప్పితే చివరి ప్రశ్న అదే. సంచిలో అవే ఎర్ర బంతులు, అవే నీలం బంతులు.

ఆ గొంతు మూడో బెంచీలో ఉన్న టీచరమ్మాయిది. లెక్కల టీచరు కూతురు కాబట్టి అందరూ ఆ పిల్లని అలాగే పిలుస్తారు. తల్లి అందరి పిల్లలకీ సంభావ్యత నూరిపోస్తుంది గానీ కన్నకూతురి బుర్రకి మాత్రం అది ఎక్కదు. మొన్న సాయంత్రం వంటింటి బల్ల మీద పేపరు కనబడింది. అమ్మ డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తోంది. చూడకూడదనుకుంటూనే చూసింది, చూసినదాన్ని బట్టీ కూడా పట్టింది. 

హెడ్మాస్టరు గొంతు తగ్గించాడు. అది అరుపు కంటే భయంగా ఉంది. సాయంత్రంలోగా సంగతి తేలకపోతే పరీక్ష రద్దు చేసి పైవాళ్ళకి రాయాల్సి వస్తుందట. పేపరు తయారుచేసిన మనిషి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇక తన చేతుల్లో లేదట. ఆ మనిషి, లెక్కల టీచరు, ఆయన పక్కనే నిలబడి సుద్దముక్కని వేళ్ళ మధ్య పొడి చేస్తోంది.

ఇప్పుడే లేచి చెప్పేస్తే పీడా పోతుంది అనుకుంది టీచరమ్మాయి. కానీ లేవలేదు.

"బెదిరిస్తే ఎవరూ చెప్పరు సార్," అంది టీచరు. "ఇలాంటివాటికి మా లెక్కల్లో ఒక పద్ధతుంది. ముందు ఎంతమందో తేలుద్దాం. ఎవరన్నది తర్వాత చూడొచ్చు."

పద్ధతి చిన్నదే. ప్రతివాళ్ళూ ఒక నాణేన్ని గుప్పిట్లో గిలకొట్టి, ఎవరికీ చూపించకుండా చూసుకోవాలి. బొమ్మ పడితే తప్పు చేసినా చేయకపోయినా చెయ్యెత్తాలి. బొరుసు పడితే మాత్రం నిజమే చెప్పాలి. పేపరు బయటపడడంలో తన తప్పుంటే చెయ్యెత్తాలి, లేకపోతే ఊరుకోవాలి. లేచిన చేతుల్లో బొమ్మ పడింది ఎవరికో, తప్పు చేసింది ఎవరో దేవుడు కూడా చెప్పలేడు. అందరూ బుద్ధిమంతులే అయితే సుమారు సగం చేతులు లేస్తాయి. అంతకు బాగా మించితేనే దొంగలున్నట్టు.

నోరు ఊరుకోని వసపిట్ట ఒకతి, మరి టీచరు వెయ్యరా అని అడిగేసింది. క్లాసంతా కిసుక్కుమంది.

"నేనేమన్నా ఆకాశంలోంచి ఊడిపడ్డానా?" అంటూ టీచరు తన పర్సులోంచి ఒక నాణెం తీసుకుంది. హెడ్మాస్టరు మొహం చిట్లించాడు గానీ కాదనలేదు.

గది నిండా గలగల. బొమ్మ పడాలని టీచరమ్మాయి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంది. గుప్పిట విప్పి చూసింది. బొరుసు.

ఎత్తకపోతే ఎవరికి తెలుస్తుంది? అబద్ధం చెప్పినా అడిగే నాథుడు లేడు. కానీ ఎదురుగా అమ్మ ఉంది. పేపరు చూసినప్పట్నుంచీ అమ్మ కంటపడకుండా తల తిప్పుకు తిరుగుతోంది. ఇప్పుడు కూడా దాక్కుంటే ఇక ఎప్పటికీ ఆ మొహంలోకి చూడలేనేమో అనిపించి ఏడుపొచ్చింది.

"ఎత్తండి," అంది టీచరు, అందరికంటే ముందు తన చెయ్యి ఎత్తి.

వసపిట్ట చెయ్యి లేచింది. అటూ ఇటూ ఇంకొన్ని లేచాయి. టీచరమ్మాయి చెయ్యి అన్నిటికన్నా ఆఖర్న లేచింది.

హెడ్మాస్టరు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. సగానికి ఏదో కాస్త ఎక్కువ. నాణేలన్నాక ఆ మాత్రం తేడా మామూలేనంది టీచరు. స్కూలు పరువు నిలబడితే చాలనుకున్న ఆయనకీ కావలసింది అదే. అటెండరు ఏదో విని ఏదో అనుకుని ఉంటాడని తేల్చేసి వెళ్ళిపోయాడు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు, టీచరమ్మాయి తప్ప. పదిమంది కలిసి చేసిన తప్పైతే ఆ లెక్కకి దొరికేదే. ఒక్కళ్ళు చేసింది జారిపోయింది. పైగా పాపం అటెండరు అబద్ధాలకోరయ్యాడు.

ఇంటిదారిలో ఇక ఆపుకోలేకపోయింది.

"అమ్మా, నాకు బొరుసు పడింది. అయినా చెయ్యెత్తాను."

తల్లి నడక ఆగింది.

"నువ్వు పేపరు బల్ల మీద మర్చిపోయావు. నేను చూసేశాను. నా మూలంగా నీ ఉద్యోగం పోయేది. రేపు పొద్దున్నే సార్‌కి చెప్పేస్తానమ్మా."

తల్లి తిట్టలేదు, కొట్టలేదు. పక్కనున్న బస్టాపు అరుగు మీద కూలబడింది. కూతురు పక్కన కూర్చుని వెక్కుతుంటే ఓదార్చడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"మర్చిపోయానని నీకెవరు చెప్పారు?" అంది, కూతురి కళ్ళలోకి చూడలేక. "రేపు ఇద్దరం కలిసే వెళదాం. చెయ్యి నేనూ ఎత్తాను కదా. నాకు పడిందీ బొరుసే."