ఓదెమ్మ తంగేడు

నగరంలో కంపెనీ మొక్కలే పెంచాలి. వాటి పూలకు పుప్పొడి అద్దడానికి మర ఈగలు తిరుగుతాయి. వేరే మొక్క కనబడితే అవే కబురు పెడతాయి, మనుషులొచ్చి పీకేస్తారు.

ఓదెమ్మ మాత్రం తేనెటీగ మళ్లీ వస్తుందని మిద్దె మీద, ఆరేసిన దుప్పట్ల చాటున తంగేడు పెంచుతోంది.

“ఇరవై ఏండ్లల్ల ఒక్కటన్న వచ్చిందా అత్తమ్మా?” అంది కోడలు సహస్ర, బట్టలు తీస్తూ.

“పూలుంటె ఎందుకు రాదే?”

అంతలో తంగేడు పూల మీద జుమ్మని వినబడింది. “మర ఈగ! పోయి చెప్తది!” అంటూ ఓదెమ్మ చెప్పు తీసి కొట్టింది.

సహస్ర దాన్ని ఏరి అరచేతిలో పెట్టుకుని చూసింది. లోపల వైర్లు లేవు. చేతికి తేనె అంటింది.

చూపు ఆనని ఓదెమ్మ అడిగింది, “పలిగిందా మర?”

“పలిగింది అత్తమ్మా,” అంది సహస్ర, పిడికిలి మూసి.