అక్క కళ్ళద్దాలు

“నా బదులు నువ్వెళ్ళవే!”

అక్క ఆ మాట అనేసి మళ్ళీ వాష్‌బేసిన్ మీదికి వంగింది. కడుపులో ఏమీ మిగల్లేదు, అయినా డోకు ఆగడం లేదు. వెనక నిలబడి వీపు రాస్తున్న చెల్లెలి చెయ్యి ఠక్కున ఆగిపోయింది.

“పిచ్చెక్కిందా నీకు? పట్టుబడ్డామా, ఇద్దరి చదువులూ గంగలో కలుస్తాయి.”

“ఎవరు పట్టుకుంటారే? కన్నతల్లే నిన్ను తిట్టబోయి నన్ను తిడుతుంది. వాళ్ళ ముందు కూర్చుంటే నా నాలుక పిడచగట్టుకుపోతుంది. నీ ఇంటర్వ్యూ పొద్దున్నే అయిపోయిందిగా, నీకు భయం లేదుగా. నా ప్రాజెక్టు నాకంటే నీకే బాగా తెలుసు.”

కవలలు మరి. కాస్త ముందు పుట్టినందుకు ఒకతె అక్కయి కూర్చుంది. అక్క కళ్ళద్దాలు తీసేస్తే ఎవరెవరో చెప్పడం బ్రహ్మతరం కాదు. ఒకే కాలేజీ, ఒకే ల్యాబు, ఇప్పుడు ఒకే ఫెలోషిప్పుకి పోటీ. దేశం మొత్తానికి ఉన్నది ఒక్కటే. వస్తే పెద్ద ల్యాబులో చోటు, నిశ్చింతగా పరిశోధన. రాకపోతే ఏ ట్యూషన్ సెంటర్లోనో గొంతు అరగదీసుకోవడమే. అది చెల్లెలికి కావాలి. అక్కకంటే ఎక్కువ కావాలి. పుట్టింది మొదలు అన్నిట్లోనూ రెండోదానిగా ఉండి ఉండి విసిగిపోయింది పాపం.

వెళ్ళనంటే? ఏడుస్తూనో మొహం తుడుచుకుంటూనో అక్క వెళ్ళనే వెళ్తుంది. రాతపరీక్షలో మొదటి స్థానం దానిదే. లోపల తడబడుతూ నాలుగు ముక్కలు చెప్పినా గట్టెక్కేస్తుంది. అదే, తను వెళ్ళి దాని పేరు మీద చెడగొట్టి వస్తే?

ఆ ఆలోచన రాగానే చెల్లెలికి తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసింది గానీ, ఆలోచన మాత్రం పోలేదు.

“సరే, ఇటివ్వు,” అంది.

కోట్లూ, గుర్తింపు కార్డులూ మార్చుకున్నారు. అక్క సోడాబుడ్డి కళ్ళద్దాలు చెల్లెలి ముక్కు మీదికెక్కాయి.

“నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేనే,” అంది అక్క ముక్కు ఎగబీలుస్తూ.

“తరవాత తీర్చుకుందువుగానిలే.”

తలుపు దగ్గర గుమాస్తా కార్డు మీద ఫొటో చూశాడు, మొహం చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు.

“పొద్దున వచ్చింది మీరే కదూ?”

“మా చెల్లెలండి.”

“ఓహో,” అని తలుపు తీశాడు.

అసలు కష్టం లోపల అడుగుపెట్టాక తెలిసింది. ఆ అద్దాల్లోంచి గదంతా అలికేసినట్టుంది. బల్ల అవతల ముగ్గురు. ముగ్గురికీ కళ్ళు లేవు, నోళ్ళు లేవు, మొహాల చోట మూడు మరకలు. కుర్చీ తడుముకుని కూర్చుంది.

“మీ ప్రయోగం విఫలమైతే ఏం చేస్తారు?” ఎడమవైపు మరక అడిగింది. ఆడగొంతు.

పొద్దున ఇలాంటి ప్రశ్నకే తను పెద్ద ఉపన్యాసం దంచింది. ఇప్పుడు తాపీగా, “ఏం చేస్తానండీ, పోయిందని రాసేస్తాను,” అంది.

ఆవిడ ముక్కుతో ఏదో చప్పుడు చేసింది. కోపమో, వెటకారమో తెలియలేదు.

“ఇందులో మీ సొంత ఆలోచన ఎంత?”

“సగమేనండి. తక్కిన సగం మా మేడమ్‌ది.”

“మరి ఈ చివరి ఫలితం? దానిమీదైనా నమ్మకముందా?”

“లేదండి. మళ్ళీ చేసి చూస్తే గానీ చెప్పలేను.”

కాగితాల మీద కలాలు పరుగెత్తుతున్న చప్పుడు వినిపించింది. అక్క పని అయిపోయిందనుకుంది చెల్లెలు. అక్కడ వాష్‌రూమ్‌లో అక్క కళ్ళు మూసుకుని తన కోసం దండం పెట్టుకుంటూ ఉంటుంది. ఒక్క క్షణం అన్నీ సరిదిద్దేద్దామా అనిపించింది. ఇంతలో మధ్యలో ఉన్న ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు.

“ఒకటే ప్రశ్నమ్మా. మీ చెల్లెలూ పోటీలో ఉంది. ఇచ్చేది ఒక్కరికే. మీ ఇద్దరిలో ఎవరికిమ్మంటావు?”

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే.

“మా చెల్లికిచ్చేయండి,” అంది తడుముకోకుండా. “నాకు మార్కులొస్తాయంతే. అసలు తెలివి, పట్టుదల దానివి. నాకు రాకపోయినా ఏమీ అనుకోను. దానికి మాత్రం అన్యాయం చెయ్యకండి.”

బల్ల అవతల కలాలు ఆగిపోయాయి.

“సరే, వెళ్ళు,” అన్నాడు ఛైర్మన్. గొంతు ఎందుకో మారింది.

సాయంత్రం అభ్యర్థులందరినీ హాల్లో నిలబెట్టి ఒకే ఒక్క పేరు చదివారు. అక్క పేరు.

తప్పు చదివారేమోనని చెల్లెలు చుట్టూ చూసింది. అక్క అద్దాలు అక్కకే ఉన్నాయి, అందరి మొహాలూ స్పష్టంగానే కనిపిస్తున్నాయి. అక్క వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి వెక్కివెక్కి ఏడ్చింది.

“నీ నోటి దగ్గర ముద్ద తీసి నాకు పెట్టావు కదే!” అంది చెవిలో.

ఛైర్మన్ నేరుగా వాళ్ళ దగ్గరికే వచ్చాడు. అక్క తల నిమిరి, చెల్లెలివైపు తిరిగాడు. ఆయన మొహంలో నవ్వు లేదు.

“పొద్దున ఇదే ప్రశ్న నిన్ను అడిగితే, ‘అక్క ఒట్టి పుస్తకాల పురుగు, దానికిస్తే దండగ, నాకే ఇవ్వండి’ అన్నావు. కాస్త మీ అక్కని చూసి నేర్చుకోమ్మా!”